ఇంటి కంప్యూటరులో పాట: ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి, ఎంత ఖర్చు పెట్టాలి?

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ నెల నాకు అప్పగించిన విషయం మన సమావేశాలకు కాస్త కొత్తది. డి.ఎ. బకాయిల గురించో, కమ్యుటేషన్ గురించో, లైఫ్ సర్టిఫికెట్ గురించో అయితే ఇక్కడున్న ఎవరైనా లేచి అరగంట మాట్లాడగలరు. ఈసారి కొందరు సభ్యులు కార్యదర్శి గారిని వేరే ప్రశ్న అడిగారట. "ఇంట్లో కంప్యూటరు ఉంది. దానిలో మా పాటలు రికార్డు చేసుకోవాలన్నా, బాణీలు కట్టుకోవాలన్నా ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి? మన పింఛనుకు అందుతుందా?" అని. ఆయన పాత అలవాటు కొద్దీ ఆ కాగితాన్ని "తగు చర్య నిమిత్తం" అని రాసి నాకు పంపించారు.

నేను సంగీత విద్వాంసుణ్ణి కాను, కంప్యూటరు ఇంజనీరునూ కాను. రిటైరైన తరువాత ఇంట్లో ఉన్న పాత క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించే పని పెట్టుకున్నాను. ఆ పనిలో తెలిసిన సంగతులే మీకు మనవి చేస్తాను.

సారాంశం ముందే చెబుతాను. మనలో చాలామందికి కావలసిన పనికి సాఫ్ట్‌వేర్ మీద ఒక్క రూపాయి కూడా పెట్టనక్కరలేదు. పెట్టదలచుకున్న డబ్బు వేరే చోట పెట్టాలి. ఎంచుకొనేటప్పుడు ధర ఎంత అన్న ప్రశ్నతో పాటు ఇంకొక ప్రశ్న కూడా వేసుకోవాలి: నేను ఈ రోజు రికార్డు చేసినది ఇరవై ఏళ్ల తరువాత నా మనుమరాలు తెరిచి వినగలదా? ఈ రెండవ ప్రశ్నకు జవాబు సరిగా లేకపోతే మొదటిది ఎంత చవక అయినా నష్టమే.

పని ఏమిటో ముందు తేల్చుకోవాలి

మనం సర్వీసులో ఉండగా ఏ కొనుగోలుకైనా ముందు అవసరం ఏమిటో రాసి, తరువాతే కొటేషన్లు పిలిచేవాళ్లం. ఇక్కడా అదే పద్ధతి పాటించాలి. ఇంటి కంప్యూటరులో సంగీతం అనగా నాలుగు రకాల పనులు.

మొదటిది, గొంతును రికార్డు చేసి, అక్కరలేని భాగాలు కత్తిరించి భద్రపరచుకోవటం. పాత క్యాసెట్లను ఎక్కించటం కూడా ఈ పద్దులోకే వస్తుంది. రెండవది, ఒకరి పాట, ఒకరి వయొలిన్, ఒకరి తబలా విడివిడిగా రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చి కలపటం. మూడవది, చేతిలో వాయిద్యం లేకున్నా కంప్యూటరులోని వాయిద్యాలతోనే బాణీ కట్టటం. నాలుగవది, స్వరాలను కాగితం మీద అచ్చు తీసుకొనే విధంగా రాసుకోవటం.

ఈ నాలుగూ ఒకే సాఫ్ట్‌వేర్ చేస్తుందని ప్రకటనలలో చెబుతారు. చేస్తుంది కూడా. కాని ఇంట్లో భజన పాట రికార్డు చేసుకోవటానికి సినిమా స్టూడియోలు వాడే సాఫ్ట్‌వేర్ కొనటం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయటమే. ఖర్చు అటుంచి, తెర నిండా ఉన్న మీటలు చూసి రెండవ రోజే భయపడి మూసేస్తాం.

మొదటి పనికి: ఆడాసిటీ

గొంతు రికార్డు చేయటానికి, క్యాసెట్లు ఎక్కించటానికి నేను ముందుగా చెప్పే పేరు ఆడాసిటీ. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1999లో మొదలై, 2000 సంవత్సరంలో విడుదలైన ప్రోగ్రాము ఇది. పూర్తిగా ఉచితం. దాని లోపలి రాత కూడా అందరికీ తెరిచి ఉంచారు, అనగా ఎవరైనా పరిశీలించవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు. 2021లో మ్యూజ్ గ్రూప్ అనే సంస్థ చేతికి వచ్చినా ఆ ఉచిత షరతు అలాగే ఉంది. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటి మీదా నడుస్తుంది.

వాడటం కష్టమా? ఎర్ర చుక్క నొక్కితే రికార్డు అవుతుంది. చదరం నొక్కితే ఆగుతుంది. తెర మీద మీ గొంతు అలలుగా కనపడుతుంది. దగ్గు వచ్చిన చోటు, కుక్క మొరిగిన చోటు కంటికే తెలుస్తాయి. ఆ భాగాన్ని మౌస్‌తో గీసి తీసివేయవచ్చు. క్యాసెట్టులో వినిపించే బుస్సుమనే చప్పుడు తగ్గించాలంటే, పాట లేకుండా ఆ చప్పుడొక్కటే ఉన్న రెండు మూడు సెకండ్ల ముక్కను ముందు దానికి చూపించాలి. దానిని బట్టి మిగతా అంతటా తగ్గిస్తుంది. అయితే ఉప్పు మాదిరిగా కొద్దిగా వాడాలి. ఎక్కువ తగ్గిస్తే మనిషి గొంతు నీళ్లలోంచి మాట్లాడినట్లు అవుతుంది.

క్యాసెట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. టేప్‌రికార్డరు ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటరు లైన్-ఇన్ రంధ్రానికి ఒక తీగ చాలు. కొత్త ల్యాప్‌టాప్‌లలో విడిగా లైన్-ఇన్ ఉండటం లేదు, అటువంటప్పుడు యు.ఎస్.బి. రంధ్రంలో పెట్టే చిన్న సౌండ్ అడాప్టరు కొనాలి. కొనేటప్పుడు దానికి లోపలికి శబ్దం తీసుకొనే లైన్-ఇన్ ఉందో లేదో అడిగి చూసుకోవాలి. చాలాకాలం కదలని క్యాసెట్టును ముందు ఒకసారి చివరి వరకు తిప్పి, మళ్లీ వెనక్కు తిప్పి అప్పుడు వేయాలి. హెడ్డును స్పిరిట్ తడిపిన దూదితో తుడవాలి. శబ్దం కొలిచే పట్టీ ఎర్రగీత దాకా పోకుండా చూసుకోవాలి. పగిలి రికార్డయిన శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ మళ్లీ పూర్తిగా బాగుచేయలేదు. సి-60 క్యాసెట్టు ఎక్కటానికి గంట పడుతుంది, సి-90కి గంటన్నర. తొందర ఉన్న ఉద్యోగస్తులకు అదొక అడ్డంకి గాని, మనకు కాదు.

ఆడాసిటీతో చేయలేనిది కూడా చెప్పాలి. వాయిద్యాలతో బాణీ కట్టటానికి అది అనువైనది కాదు. దానికోసం మరొకటి చూడాలి.

రెండవ, మూడవ పనులకు

పాటను, వాయిద్యాలను విడివిడి వరుసలుగా పేర్చి కలపాలనుకొనే వారికి రీపర్ అనే ప్రోగ్రాము ఉంది. ఒకప్పుడు ఇంటింటా పాటలు వినిపించిన వినాంప్‌ను తయారు చేసిన జస్టిన్ ఫ్రాంకెల్ దీనికి కూడా మూలపురుషుడు. దీని పద్ధతి చెప్పుకోదగినది. 60 రోజుల పాటు ఏ కోతా లేకుండా మొత్తం వాడి చూసుకోవచ్చు. నచ్చితే సొంతానికి వాడుకొనే వారికి లైసెన్సు 60 డాలర్లు, మన లెక్కలో అయిదు వేల పైచిలుకు. అది ఒకసారి కట్టే సొమ్ము, నెలనెలా అద్దె లేదు. 60 రోజులు దాటినా ప్రోగ్రాము ఆగిపోదు, కొనమని గుర్తు చేస్తుంది, అంతే. ఎవరూ అడగటం లేదు కదా అని కట్టకుండా వాడుకోవటం, జీవితమంతా వోచర్లు, రసీదులు సరిచూసిన మనకు తగదని నా మనవి. పాత కంప్యూటరు మీద కూడా తేలికగా నడవటం దీని సుగుణం. తయారు వాయిద్యాలు నామమాత్రంగానే ఉండటం దీని లోటు.

మూడవ పని, అనగా కంప్యూటరు వాయిద్యాలతోనే బాణీ కట్టాలంటే, ఉచితంగా ఎల్.ఎం.ఎం.ఎస్. ఉంది. తాళం గడులలో చుక్కలు పెడితే డప్పు మోగుతుంది, స్వరాల గడులలో గీతలు గీస్తే పాట వినిపిస్తుంది. హైస్కూలు చదివే మనుమళ్లు దీనిని మనకన్నా ముందు పట్టేస్తారు. కాని దాని 1.2 వరుస కూర్పులలో గొంతును నేరుగా రికార్డు చేసే సదుపాయం లేదు. కాబట్టి బాణీ ఇందులో కట్టి, గొంతు ఆడాసిటీలో రికార్డు చేసి, రెండూ కలుపుకోవాలి.

విదేశాలలో ఉన్న పిల్లలు తాము వాడిన యాపిల్ ల్యాప్‌టాప్ మీకు ఇచ్చి ఉంటే అసలు వెతుకులాటే అక్కరలేదు. ఆపిల్ కంపెనీ 2004లో తెచ్చిన గ్యారేజ్‌బ్యాండ్ ఆ యంత్రాలకు ఉచితంగా లభిస్తుంది. గొంతు, వాయిద్యాలు, కలపటం మూడూ అందులో ఉన్నాయి.

నాలుగవ పని, మన సంగీతానికి ఉన్న చిక్కు

స్వరాలు రాసుకోవటానికి మ్యూజ్‌స్కోర్ ఉంది. ఇదీ ఉచితమే. ఒక్క జాగ్రత్త: ప్రోగ్రాము ఉచితం గాని, అదే పేరుతో ఇతరులు రాసిన స్వరపత్రాలు పంచే సైటు వేరుగా ఉంది, అందులో చందా అడుగుతారు. చందా పేజీ చూసి ప్రోగ్రాముకే డబ్బు కట్టాలనుకోవద్దు.

అయితే ఇది అయిదు గీతల పాశ్చాత్య పద్ధతిలో రాస్తుంది. చర్చి గాయక బృందాలలో ఉన్నవారికి, పిల్లలకు కీబోర్డు, గిటారు నేర్పేవారికి చాలా ఉపయోగం. కర్ణాటక సంగీతం నేర్చిన వారికి అంత ఉపయోగపడదు. మన స్వరం ఒకచోట నిలబడేది కాదు, ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. కీబోర్డు మెట్లను కంప్యూటరుకు తెలిపే మిడి అనే పద్ధతి 1983లో పుట్టింది. అందులో ప్రతి మెట్టుకూ ఒక అంకె. గమకాన్ని ఆ అంకెల మధ్య చూపించటానికి మార్గం ఉంది గాని, ఒక్కొక్క స్వరానికి కూర్చుని వంపు గీయాలి. శంకరాభరణం ఎలాగో గట్టెక్కుతుంది, తోడి దగ్గర ఓపిక అయిపోతుంది.

మన పెద్దలు ఈ చిక్కును కాగితం మీదనే పరిష్కరించుకున్నారు. ముత్తుస్వామి దీక్షితార్ వంశానికి చెందిన సుబ్బరామ దీక్షితులు గారు 1904లో ఎట్టయపురంలో ప్రచురించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగులోనే ఉంది. స్వరాల మీద గమకాల గుర్తులు పెట్టి అచ్చు వేయించారు. కాబట్టి కీర్తన తెలిసినవారు స్వరం నోటు పుస్తకంలోనే రాసి, గొంతును మాత్రం కంప్యూటరులో రికార్డు చేసి, రెండూ కలిపి ఉంచితే అదే మేలు. అన్ని పనులకూ యంత్రం అక్కరలేదు.

ఉచితంలో మూడు రకాలు

ఉచితం అనే మాట వినగానే మనవాళ్లలో కొందరికి అనుమానం, కొందరికి ఆత్రం. రెండూ పనికిరావు. ఉచితంలో మూడు రకాలున్నాయి.

ఒకటి, నిజంగా ఉచితం. ఆడాసిటీ, మ్యూజ్‌స్కోర్, ఎల్.ఎం.ఎం.ఎస్. ఈ కోవలోవి. రెండు, రుచి చూపించే ఉచితం. కొన్నాళ్లకు ఆగిపోతుంది, లేదా పాట అంతా తయారయ్యాక భద్రపరచే మీట పని చేయదు, డబ్బు కడితేనే తెరుస్తుంది. మూడు, దొంగ ఉచితం. వేల రూపాయల సాఫ్ట్‌వేర్ తాళం పగలగొట్టి ఊరికే ఇస్తామంటారు. పక్కింటి కుర్రవాడు పెన్‌డ్రైవులో తెచ్చి, "అంకుల్, అయిదు నిమిషాల పని" అంటాడు. అది నేరం అన్న మాట అటుంచండి. మన పింఛను ఖాతా, ఆధార్, బ్యాంకు పాస్‌వర్డులు అన్నీ ఆ కంప్యూటరులోనే ఉంటాయి. తాళం పగలగొట్టే అటువంటి ఫైళ్ల వెంట వైరస్‌లు, రహస్యంగా సమాచారం దొంగిలించే ప్రోగ్రాములు రావటం మామూలు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత అవుతుంది. ప్రోగ్రామును దాని తయారీదారు సొంత సైటు నుంచే దింపుకోవాలి.

ఇక అద్దె సాఫ్ట్‌వేర్లు. నెలకు అయిదు వందలే కదా అనిపిస్తుంది. ఏడాదికి 6,000, పదేళ్లకు 60,000. మానేసిన నెల నుంచి ప్రోగ్రాము పూర్తిగా పనిచేయకపోవచ్చు. మన తదనంతరం ఆ అద్దె ఎవరు కడతారు? ఫ్యామిలీ పెన్షనులో దానికి పద్దు లేదు.

డబ్బు పెట్టి కొన్నా కంపెనీ నిలుస్తుందన్న హామీ లేదు. కేక్‌వాక్ కథ వినండి. 1987లో మొదలైన పేరున్న ప్రోగ్రాము. 2013లో గిబ్సన్ అనే గిటార్ల కంపెనీ తీసుకుంది. 2017 నవంబరులో దాని అభివృద్ధి ఆపేస్తున్నామని ప్రకటించారు. డబ్బు పోసి కొన్న వేలాదిమంది దిక్కులు చూశారు. 2018లో బ్యాండ్‌ల్యాబ్ అనే సంస్థ తీసుకొని ఉచితంగా ఇచ్చింది. 2023లో మళ్లీ, దాని స్థానంలో కొత్త పేర్లతో, ధరతో వేరేవి తెస్తామన్నారు. వారిని తప్పు పట్టటానికి ఇది చెప్పటం లేదు, వ్యాపారం అలాగే ఉంటుంది. మనం నేర్చుకోవలసినది ఒకటే. సాఫ్ట్‌వేర్ అద్దె ఇల్లు వంటిది. సామాను మాత్రం మనదిగా, ఎప్పుడైనా మోసుకుపోయే విధంగా ఉండాలి.

సామాను ఎలా కట్టుకోవాలి

ఆ సామాను ఫైలు. ప్రతి ప్రోగ్రాము తన పనిని తన సొంత రకం ఫైలులో దాచుకుంటుంది. అది పని జరుగుతున్నంత కాలం వాడుకొనే చిత్తు ప్రతి. దానిని మరొక ప్రోగ్రాము తెరవలేకపోవచ్చు. పని పూర్తి కాగానే ఎక్స్‌పోర్ట్ అనే మీటతో సాదా ప్రతి తీయాలి. వేవ్ అనే రకం 1991 నుంచి ఉన్నది, శబ్దంలో ఏమీ కోత పెట్టదు. సి.డి. నాణ్యతతో రెండు చానళ్లలో నిమిషానికి సుమారు 10 మెగాబైట్లు. అనగా సి-60 క్యాసెట్టు మొత్తం 600 మెగాబైట్లు దాటుతుంది. వంద క్యాసెట్లున్నా 128 గిగాబైట్ల పెన్‌డ్రైవులో పడతాయి. ఫ్లాక్ అనే రకం ఏమీ పోగొట్టకుండానే దానిని దాదాపు సగానికి కుదిస్తుంది, అదీ స్వేచ్ఛగా వాడుకొనేదే. ఎం.పి.3 చాలా చిన్నది, ఫోనులో పంపటానికి బాగుంటుంది. కాని కుదించేటప్పుడు కొంత శబ్దాన్ని వదిలేస్తుంది, వదిలినది తిరిగి రాదు. అందుచేత దాచుకొనేది వేవ్ లేదా ఫ్లాక్, పంచుకొనేది ఎం.పి.3 అని గుర్తు పెట్టుకోండి.

ప్రతులు మూడు ఉండాలి. ఒకటి కంప్యూటరులో, ఒకటి విడి హార్డ్ డిస్కులో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న కొడుకు దగ్గరో కూతురి దగ్గరో. ఆఫీసులో ట్రిప్లికేట్ తీయించిన వాళ్లకు ఇది కొత్త కాదు. ఫైలు పేరు తెలుగులోనైనా సరే, ఎవరు పాడారు, ఏ పాట, ఏ తేదీ అన్నవి ఉండేటట్లు పెట్టండి. "రికార్డింగ్ 17" అని ఉంటే మన తరువాత ఎవరికీ అర్థం కాదు.

డబ్బు పెట్టవలసిన చోటు

సాఫ్ట్‌వేర్ మీద మిగిల్చిన డబ్బును మంచి మైకు మీద పెట్టండి. కంప్యూటరులోనే ఉండే మైకు ఫ్యాను చప్పుడును, టైపు చప్పుడును కూడా ఎక్కిస్తుంది. యు.ఎస్.బి. మైకు ఒకటి కొన్ని వేల రూపాయలలో వస్తుంది. దాని తరువాత తీగ ఉన్న హెడ్‌ఫోన్. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో శబ్దం కొంచెం ఆలస్యంగా చేరుతుంది. వినటానికి ఇబ్బంది లేదు గాని, ఒక వరుస వింటూ దాని మీద మరొకటి పాడేటప్పుడు తాళం తప్పుతుంది.

గది కూడా ముఖ్యమే, దానికి ఖర్చు లేదు. ఖాళీ గోడల మధ్య గొంతు గింగురుమంటుంది. పరుపులు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న పడక గది ఉత్తమం. పాడినంతసేపూ ఫ్యాను ఆపాలి. వేసవిలో ఇది తపస్సే, కాబట్టి తెల్లవారుజామున పెట్టుకోండి. మైకును నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా ఉంచాలి.

కొత్త కంప్యూటరు కూడా కొననక్కరలేదు. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10కి సాధారణ మద్దతు ముగించింది. ఆ యంత్రంతో ఇంటర్నెట్‌లో బ్యాంకు పనులు చేయటం క్షేమం కాదు గాని, ఇంటర్నెట్ తీసివేసి కేవలం రికార్డింగుకు వాడుకుంటే బాగా పనికివస్తుంది. లేదా తెలిసిన పిల్లల చేత ఉచితమైన లైనక్స్ వేయించుకోవచ్చు. ఆడాసిటీ, మ్యూజ్‌స్కోర్ దాని మీద కూడా నడుస్తాయి. అదీ లేకపోతే ఫోనులో రికార్డు చేసి కంప్యూటరులోకి ఎక్కించుకోండి. సామగ్రి లేదని పని ఆపవద్దు.

ఎందుకింత ప్రయాస?

"ఈ వయసులో ఈ పాటలు ఎవరు వింటారు?" అని అడిగేవారున్నారు. దీనికి నా సమాధానం తిరుమలలో ఉంది.

తాళ్లపాక అన్నమాచార్యుల వారి సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి ఆలయంలో ఒక అరలో భద్రపరచారు. శతాబ్దాలు గడిచాక 20వ శతాబ్దంలో వాటిని వెలికి తీసి అచ్చు వేశారు. దొరికినవి సుమారు 14 వేలు. సాహిత్యం దక్కింది, రాగం పేరు దక్కింది. ఆయన నోట పలికిన వరస మాత్రం దక్కలేదు. ఈనాడు మనం వింటున్న బాణీలలో చాలా భాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు వంటి మహానుభావులు మన కాలంలో కట్టినవి. అక్షరాన్ని అంత జాగ్రత్తగా రాగి మీద దాచగలిగారు. శబ్దాన్ని దాచే సాధనం ఆ రోజులలో లేదు.

మనకు ఉంది. ఉచితంగా ఉంది. మన ఇళ్లలో రాగిరేకులకు కూడా ఎక్కని పాటలున్నాయి. నలుగు పాటలు, అప్పగింతల పాటలు, లాలి పాటలు, మంగళహారతులు, నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, గొబ్బి పాటలు. పుస్తకాలలో కొన్ని అచ్చయ్యాయి గాని, ఒక్కొక్క ఊరికి, ఒక్కొక్క ఇంటికి వరస వేరు. ఆ వరస మన అమ్మల నుంచి మన ఇల్లాళ్లకు వచ్చింది. కోడళ్లకు వచ్చిందా అంటే, వారు ఉద్యోగాలలో ఉన్నారు, దూరదేశాలలో ఉన్నారు, నేర్చుకొనే వీలు కుదరలేదు. సర్వీసులో మనకు సర్వీస్ రిజిస్టరు ఉండేది, ప్రతి ఇంక్రిమెంటూ అందులో ఎక్కేది. ఇల్లు నడిపిన వారికి ఏ రిజిస్టరూ లేదు. వారి పాటలనైనా మనం ఎక్కించవచ్చు కదా.

రికార్డు చేసేటప్పుడు మూడు మాటలు గుర్తుంచుకోండి. మొదట వారి అనుమతి అడగండి, దొంగచాటుగా వద్దు. పాటకు ముందు పేరు, ఊరు, తేదీ, ఈ పాట ఎవరి దగ్గర నేర్చారో వారి నోటనే చెప్పించండి. ఒక ప్రతిని ఏమీ సవరించకుండా అలాగే ఉంచండి. మధ్యలో మరచిపోయి నవ్వటం, "ఉండండి, తరువాతి చరణం ఏమిటబ్బా" అనటం తీసేయవద్దు. పాతికేళ్ల తరువాత వినేవారికి పాట కంటే ఆ మాటే ప్రియమవుతుంది.

చట్టం గురించి ఒక ముక్క. ఇలాంటి సంప్రదాయపు పాటలకు చిక్కు లేదు. సినిమా పాట ఇంట్లో పాడి దాచుకుంటే ఎవరూ అడగరు గాని, బహిరంగంగా పెట్టేటప్పుడు ఆలోచించాలి. మన దేశంలో రచనకు, బాణీకి హక్కు కర్త జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు ఉంటుంది. కీర్తన ఎంత పాతదైనా, ఈ కాలపు వారు కట్టిన బాణీకి, కంపెనీ వేసిన రికార్డుకు హక్కులు విడిగా ఉండవచ్చు.

ముగింపు

చెప్పినదంతా ఒక ఆఫీసు నోటు మాదిరిగా క్రోడీకరిస్తాను. గొంతు, క్యాసెట్లు అయితే ఆడాసిటీ. వరుసలు పేర్చి కలపాలంటే అరవై రోజులు రీపర్ చూసి, నచ్చితే కొనండి. కంప్యూటరు వాయిద్యాలతో బాణీ కట్టాలంటే ఎల్.ఎం.ఎం.ఎస్., యాపిల్ యంత్రం ఉంటే గ్యారేజ్‌బ్యాండ్. అయిదు గీతల స్వరలిపికి మ్యూజ్‌స్కోర్. దొంగ ప్రతులు వద్దు, అద్దెలు వద్దు. డబ్బు మైకు మీద పెట్టండి. వేవ్ లేదా ఫ్లాక్‌లో మూడు ప్రతులు దాచండి.

మొదటి నెలలో అన్నీ నేర్చుకోవాలనుకోవద్దు. మొదటి వారం ఆడాసిటీ దింపుకొని మీ పేరు, ఊరు చెప్పి వినండి. రెండవ వారం ఒక క్యాసెట్టు ఎక్కించండి. మూడవ వారం ఇంట్లో అందరికన్నా పెద్దవారు ఎవరో వారి దగ్గర మైకు పెట్టండి. వరసలో ముందు వారిదే. క్యాసెట్టు ఇంకో ఏడాది ఆగవచ్చు, తొంభై ఏళ్ల గొంతు ఆగమంటే ఆగదు.

కార్యదర్శి గారికి నాదొక విన్నపం. మన సంఘం గదిలో ఒక బీరువా ఖాళీగా ఉంది, ఒక పాత కంప్యూటరు కూడా ఉంది. సభ్యుల ఇళ్ల నుంచి వచ్చే పాటల ప్రతి ఒకటి, వారు ఒప్పుకుంటే, అక్కడ కూడా ఉంచే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. చేతకాని వారి క్యాసెట్లు ఎక్కించటానికి నెలలో రెండు శనివారాలు నేను వచ్చి కూర్చుంటాను. తీగలు, అడాప్టరు నేనే తెస్తాను. టేప్‌రికార్డరు ఎవరి ఇంట్లోనైనా పనిచేస్తూ ఉంటే దయచేసి చెప్పండి, ఇప్పుడు దొరకనిది అదొక్కటే.